శుభ్రమైన స్లైడ్లు

మైక్రానక్క కోసిన స్లైడుకి వంక పెట్టినవాళ్ళు ఆ ల్యాబులో ఇంతవరకు లేరు. ఆపరేషన్లో తీసిన గడ్డ ముక్కను మైనంలో బిగించి, యంత్రానికి తగిలించి, చక్రం తిప్పుతూ నాలుగు మైక్రాన్ల మందాన పొరలు తీయడం ఆమె పని. నాలుగు మైక్రాన్లంటే ఎంత అని కొత్తవాళ్ళెవరైనా అడిగితే తలవెంట్రుక ఒకటి పీకి చేతిలో పెట్టి, "దీన్ని నిలువునా ఇరవై చీలికలు చెయ్యి, అందులో ఒకటి" అనేది. అలా ఆ పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు హాజరుపట్టీకి మాత్రమే తెలుసు.

గురువారం పదకొండింటికి ఆమె గోరువెచ్చని నీళ్ళ తొట్టెలో తేలుతున్న పొరను కుంచెతో సర్దుతుంటే రిపోర్టుల కిటికీ దగ్గర గొడవ వినిపించింది. కిటికీ గుమాస్తా టీకి వెళ్ళాడు. ఆయన టీకి వెళ్తే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. ముడత పడకుండా పొరను స్లైడు మీదికి ఎత్తుకుని, ఆరబెట్టి, చేతులు తుడుచుకుంటూ ఆమే వెళ్ళింది.

"నా స్లైడ్లు నాకిచ్చెయ్యండమ్మా. నా ఒంట్లోవే కదా, అద్దెకి తెచ్చినవి కావుగా" అంటున్నాడు బయట నిలబడ్డ మనిషి. యాభై దాటిన వయసు. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. బెల్టుకి మేకుతో కొత్తగా పొడిచిన రంధ్రాలు రెండు కనిపిస్తున్నాయి. జేబు మీద డ్రైవింగ్ స్కూలు పేరు కుట్టి ఉంది, అక్కడ నేర్పే మాస్టారన్నమాట. వెనకాల ఆయన భార్య, చంకలో కాగితాల సంచి.

"ఎందుకండీ? ఇంకో డాక్టరుకి చూపిస్తారా?"

"చూపించడానికి కాదు, మూటగట్టి అటక మీద పడేయడానికి. మంగళవారం వెళ్ళి ఇంక కీమో వద్దని సంతకం పెట్టేస్తున్నా. ఆట అయిపోయాక బంతి ఇంటికి తెచ్చుకుంటాం కదా, అలాగన్నమాట."

"ఇంకా నాలుగుసార్లు ఎక్కించాలన్నారండీ" అంది భార్య కిటికీలోకి వంగి. "ఆపరేషన్‌కి ముందు అన్ని నెలలు కీమో ఓర్చుకున్నాడు. ఆపరేషన్ అయ్యాక రెండుసార్లు ఎక్కించుకున్నాడు. మీ చిన్న డాక్టరు వరండాలో ఆ మాట చెప్పినప్పటినుంచీ ఇదిగో, ఇదే పాట."

"ఏ మాట?"

"నేను చెప్తా" అని మాస్టారు రెండు మోచేతులూ కిటికీ గట్టు మీద ఆనించాడు. గొంతు పాఠం చెప్పే గొంతులోకి మారింది. "క్లోమంలో గడ్డ ఉంటుందా? దాని అంచున మన ఒంట్లోని కాపలా కణాలు గుంపుగా చేరి గూళ్ళు కట్టుకుంటాయట. కీమో తర్వాత కూడా గూళ్ళు నిలిచినవాళ్ళు ఎక్కువ కాలం బతుకుతున్నారట. ఇక్కడ అదే లెక్కపెడుతున్నారట. నాకెన్ని బాబూ అని అడిగా. సున్నా అన్నాడు. ఒకటో అరో కూడా కాదు."

"అది పదిమందిని కలిపి చూసే లెక్కండీ. ఒక మనిషికి పెట్టి చెప్పేది కాదు."

"ఆ పదిమందిలో నేను లేనా?"

మైక్రానక్క చీటీ ఒకటి ముందుకి లాక్కుంది. స్లైడ్లు ఇవ్వాలంటే ల్యాబు పెద్ద డాక్టరు మేడమ్ సంతకం కావాలనీ, మంగళవారం ఎలాగూ వస్తారు కాబట్టి అప్పుడు తీసుకోమనీ చెప్పి చీటీ మీద నంబరు రాసుకుంది. మేడమ్ చేస్తున్న పరిశోధనలో ఆయనది ముప్ఫై ఏడో నంబరు.

చిన్న డాక్టరు మీద ఆమెకి ఒళ్ళు మండింది. వరండాలో నిలబడి చెప్పే మాటా అది? దొరికితే నాలుగు దులుపుదామనుకుంటూనే, కంప్యూటరు పక్కన గోడకి అంటించిన లెక్కల కాగితం ముందు ఆగింది. రోజూ దాని పక్కనుంచి నడుస్తూనే ఉంది గానీ ఎప్పుడూ చదవలేదు. కోయడం ఆమె పని, లెక్కపెట్టడం మేడమ్ పని. ఒకటో నంబరుకి మూడు గూళ్ళు. రెండుకి సున్నా. మూడుకి ఏడు. అలా ఎగుడుదిగుడుగా ముప్ఫై దాకా ఉంది. ముప్ఫై ఒకటి నుంచి నలభై నాలుగు దాకా అన్నీ సున్నాలే. వాటి పక్కన మేడమ్ ఎర్ర సిరాతో బ్రాకెట్ వేసి, "కొత్త మందుల కలయిక: గూళ్ళను కరిగిస్తోందా?" అని రాసుకున్నారు. వచ్చే వారం పెద్ద సభలో మేడమ్ చెప్పబోయేది అదే. పోస్టరు కూడా అచ్చయి మూల గొట్టంలో ఉంది.

ముప్ఫై ఒకటి. ఆ అంకె ఎక్కడో తగులుతోంది. రిజిస్టరు తిరగేస్తే తెలిసింది. ముప్ఫై దాకా కోసింది చిల్లుల తాత. ఆయన రిటైరైన మర్నాటినుంచి క్లోమం ముక్కలన్నీ ఆమె చేతిలోకి వచ్చాయి.

చిల్లుల తాత కోసిన స్లైడ్లంటే ల్యాబంతా నవ్వేవాళ్ళు. అంచులన్నీ చిరుగులు, మధ్యలో చిల్లులు. వలలా ఉందేం తాతా, చేపలు పడతావా అని ఆమే ఎన్నోసార్లు ఏడిపించింది. ఇప్పుడు ఆయన ట్రే ఒకటీ తన ట్రే ఒకటీ తీసి కిటికీ వెలుతురుకి పట్టుకుంది. తాత స్లైడు అంచున, చిరుగుల మధ్య, కంటికే కనిపించేలా గూళ్ళు కట్టిన నీలం చుక్కలున్నాయి. తన స్లైడు ముడత లేకుండా, చిరుగు లేకుండా, గీత గీసినట్టున్న అంచుతో మెరుస్తోంది. చుక్కలు లేవు. ఏదో కుదరడం లేదని తెలుస్తోంది గానీ అదేమిటో ఆమెకి అందలేదు. సాయంత్రం దాకా చేసిన పని మీద మనసు నిలవలేదు.

ఇంటికెళ్ళాక వంటింట్లో పీట వాల్చుకుని బంగాళాదుంపలు ముందేసుకుంది. మొగుడు ఫ్యాక్టరీ షిఫ్టునుంచి ఇంకా రాలేదు. అత్తగారు గుమ్మంలో కూర్చుని కళ్ళజోడు మీదనుంచి చూస్తోంది. ఆ అత్తాకోడళ్ళకి ఒకరినొకరు అనుకోకపోతే పొద్దు గడవదు.

"ఏమే, తొక్క తీస్తున్నావా, దుంపని చెక్కుతున్నావా?"

"నున్నగా ఉండాలి కదత్తయ్యా."

"నున్నగానే ఉంది. సగం దుంప ఆ పళ్ళెంలోకి పోయింది. ఆ తొక్కలు చూడు, ఒక్కోటి వేలు మందం. అసలు తినాల్సిందంతా దాంతోనే పోతోంది."

మైక్రానక్క తొక్క ఒకటి చేతిలోకి తీసుకుంది. కత్తి పళ్ళెంలో పడిపోయింది.

మైనంలో పెట్టేముందు ఆమె ప్రతి ముక్క చుట్టూ ఉన్న కొవ్వుని చిన్న బ్లేడుతో తీసేస్తుంది. కొవ్వులో మైనం సరిగా ఇంకదు. కోసేటప్పుడు పొర చిరిగిపోతుంది. అందుకే అంచు వెంబడి ఒక్క గీత, అంతే, రెండు సెకన్ల పని. ఎవరూ నేర్పలేదు, ఎవరూ చెప్పలేదు. స్లైడు అందంగా రావాలని తనే కనిపెట్టుకున్న కిటుకు. కొవ్వుతోపాటు గడ్డ అంచు కూడా కాస్త పోయేది. కాస్తే కదా అనుకుంది. గూళ్ళు కట్టుకునేదే ఆ కాస్తలో.

"ఏమైందే? వేలు తెగిందా?" అంది అత్తగారు లేవబోతూ.

"నా వేలు తెగలేదత్తయ్యా" అంది.

శుక్రవారం ఎవరూ రాకముందే ల్యాబు తాళం తీసింది. మేడమ్‌కి చెప్పకుండా తేలే దారి ఒకటి కనిపించింది. చెప్పాల్సిన అవసరం రాకుండా పోతే బాగుండునని గట్టిగా కోరుకుంది కూడా. వచ్చే నెల పెద్ద టెక్నీషియన్ కుర్చీ ఖాళీ అవుతోంది, ఆ కుర్చీ ఆమెదేనని అందరూ అనుకుంటున్నారు. ముప్ఫై ఏడో బ్లాకు తీసి మైనం కరిగించింది. ముక్కను పట్టకారుతో తిరగేసి మళ్ళీ బిగించి చల్లబరిచింది. అటువైపునుంచి కోస్తే అంచు ఎక్కడైనా మిగిలి ఉంటుందేమోనని ఆశ. పన్నెండు పొరలు తీసి రంగు వేసి చూసింది. మచ్చకట్టిన కండ తప్ప ఏమీ లేదు. బ్లేడు తన పని తాను శుభ్రంగా చేసింది.

ఇక మిగిలింది జాడీ. ఆపరేషన్లో తీసిన దాంట్లో స్లైడ్లకి కొంచెమే వాడతారు, మిగతాది మందు నీళ్ళలో నిల్వ ఉంచుతారు. గడువు దాటిన జాడీల్ని శనివారం ఉదయం బండి వచ్చి తీసుకుపోతుంది. వెనక గదిలోకి వెళ్ళి వేలితో దుమ్ము తుడుస్తూ చీటీలు చదివింది. ముప్ఫై ఏడు కింది అరలో, వెళ్ళిపోవాల్సిన వరసలోనే ఉంది. కానీ డాక్టరు సంతకం లేకుండా జాడీ మూత తీయడానికి వీల్లేదు.

ఊరుకుంటే ఏమవుతుంది? రేపు బండి వస్తుంది, జాడీ పోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. మంగళవారం ఆయన సంతకం పెట్టేస్తాడు. ఆ గదిలో మందు ఘాటుకి కళ్ళు మండుతుంటే ఆమె చాలాసేపు అలాగే నిలబడింది. మాస్టారి బెల్టు రంధ్రాలు కళ్ళముందునుంచి కదల్లేదు.

మేడమ్ తన గదిలో సభ కోసం మాట్లాడాల్సింది రాసుకుంటున్నారు.

"మేడమ్, ముప్ఫై ఒకటి నుంచి ఉన్న సున్నాలు కొత్త మందు వల్ల కాదు."

"మరి?"

"నా వల్ల."

మేడమ్ పెన్ను ఆగింది. మైక్రానక్క నిలబడే అంతా చెప్పింది. కొవ్వు, బ్లేడు, అంచు, చెత్తబుట్ట. చెబుతున్నంతసేపూ బల్ల మీది పేపర్ వెయిట్‌నే చూసింది.

"ఎవరు కత్తిరించమన్నారు నిన్ను?"

"ఎవరూ అనలేదు. స్లైడు బాగుండాలని."

"స్లైడు బాగుండాలని!" మేడమ్ లేచి కిటికీ దాకా వెళ్ళి వెనక్కి వచ్చారు. "నాలుగు నెలలు. రాత్రనక పగలనక కూర్చుని నేను లెక్కపెట్టింది నువ్వు మిగిల్చినదాన్నా? పద్నాలుగు మంది, తెలుసా? మందు గూళ్ళను కరిగిస్తోందని వచ్చేవారం మూడొందల మంది ముందు చెప్పబోతున్నాను. అదే మాట నమ్మి ఎవరైనా ఆ మందు ఆపేసి ఉంటే?"

మైక్రానక్కకి తిట్టించుకోవడమే హాయిగా ఉంది, నిజానికి.

మేడమ్ కుర్చీలో కూలబడ్డారు. గొంతు తగ్గించి, "ఇవీ స్లైడ్లంటే, అని అందరి ముందూ నిన్ను మెచ్చుకున్నది నేనే కదా" అన్నారు. "కొవ్వెక్కడికి పోయిందని ఒక్కసారైనా అడగాల్సింది కూడా నేనే."

"జాడీలు రేపు బండెక్కుతాయి మేడమ్. ముప్ఫై ఏడు ఉంది, చూసొచ్చాను. ఆయన మంగళవారం కీమో వద్దని సంతకం పెడతాడు."

"ముప్ఫై ఏడు ఒక్కటేనా?"

"పద్నాలుగులో పదకొండున్నాయి. మూడు అంతకుముందే వెళ్ళిపోయాయి."

మేడమ్ కాగితం లాక్కుని పదకొండు నంబర్లూ రాసి, కింద సంతకం చేశారు. మూల ఉన్న పోస్టరు గొట్టం వంక ఒకసారి చూసి, చేతులకి గ్లవ్స్ తొడుక్కున్నారు. "పద. ఇద్దరం కలిసే చేద్దాం. ఈసారి నీ బ్లేడు నా కంటికి కనపడకూడదు."

జాడీలు ఆ రోజే పక్కకి తీశారు, శనివారమంతా ముక్కలు కోసే పనే అయింది. మేడమ్ జాడీలోంచి తీసి, గడ్డ అంచు పట్టి ముక్కలు కోసి ఇస్తుంటే, మైక్రానక్క ప్లాస్టిక్ డబ్బీల్లో పెట్టి పెన్సిలుతో నంబర్లు రాసింది. పసుపుపచ్చని కొవ్వు ప్రతి ముక్కకీ వేలాడుతోంది. ముట్టుకోలేదు. చిన్న డాక్టరు వచ్చి సంగతి విని తెల్లబోయాడు. వరండాలో మాట్లాడిన మాట గురించి మేడమ్ అతన్ని పక్కకి పిలిచి ఏమన్నారో వినపడలేదు గానీ, ఆ తర్వాత అతను ఎవరి మొహం వైపూ చూడకుండా డబ్బీలు మోశాడు. ఆదివారం యంత్రం తన పని చేసింది. ముక్కల్లో నీరు పోయి మైనం నిండింది.

సోమవారం ఆమె చక్రం ముందు కూర్చుంది. కొవ్వు దగ్గరికి రాగానే పొర విరిగింది. బ్లాకుని మంచు మీద పెట్టి, మళ్ళీ కోసింది. మళ్ళీ చిరిగింది. కత్తి కోణం మార్చి, చక్రం నెమ్మదిగా తిప్పి, ఊపిరి బిగబట్టి తీస్తే అంచు దాకా ఒక పొర వచ్చింది. నీళ్ళలో వేస్తే చిల్లులు చిల్లులుగా విచ్చుకుంది. పాత రోజుల్లోనైతే దాన్ని వేలికి చుట్టి పారేసేది. ఇప్పుడు దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు స్లైడు మీదికి ఎత్తుకుంది. చిల్లుల తాత ముప్ఫై ఏళ్ళు ఈ చిరుగులతో ఎలా వేగాడో, ఆయన్ని తాము ఎన్నెన్ని మాటలన్నామో గుర్తొచ్చి సిగ్గేసింది.

మంగళవారం ఎనిమిదిన్నరకి రంగు వేసిన స్లైడ్లు మేడమ్ బల్ల మీదున్నాయి. మేడమ్ ఒక్కోటీ చూస్తూ అంకె చెబుతుంటే ఆమె రాసింది. ముప్ఫై నాలుగుకి నాలుగు. ముప్ఫై ఐదుకి ఒకటి. ముప్ఫై ఆరుకి ఆరు. ఒక్కో అంకెకీ ఆమెకి ప్రాణం లేచొచ్చినట్టూ ఉంది, తలవంపులుగానూ ఉంది. ముప్ఫై ఏడు దగ్గర మేడమ్ చాలాసేపు తల ఎత్తలేదు. స్లైడు మార్చారు. ఇంకోటి పెట్టారు. ఆరు స్లైడ్లూ అయిపోయాయి.

"లేవు" అన్నారు.

"ఇంకోసారి చూడండి మేడమ్."

"నువ్వే చూడు."

ఆమె మైక్రోస్కోపు ముందు కూర్చుంది. అంచు వెంబడి గులాబీరంగు కండ, తెల్లని కొవ్వు, చిరుగు, మళ్ళీ కండ. చీమ నడిచినట్టు ఒక చివరినుంచి ఇంకో చివరిదాకా జరుపుకుంటూ వెళ్ళింది. విడివిడిగా నీలం కణాలున్నాయి, అక్కడొకటి ఇక్కడొకటి, దారి తప్పినట్టు. గుంపు లేదు, గూడు లేదు. మిగతావన్నీ కలిపి చూస్తే పదకొండు మందిలో ఏడుగురికి దొరికాయి. ఎవరికోసమైతే ఇదంతా మొదలుపెట్టిందో ఆయనకి మాత్రం లేవు. ఆమెకి ఏడుపొచ్చింది, అద్దం మసకబారకుండా తల పక్కకి తిప్పుకుంది.

"ఆయనకి నేను చెప్తాను" అన్నారు మేడమ్.

"వద్దు మేడమ్. తీసింది నేను."

కీమో వార్డు ముందు హాల్లో మాస్టారు కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో కాగితాల అట్ట, దాని మీద వద్దని రాసిచ్చే ఫారం, వేళ్ళ మధ్య పెన్ను. పక్కన భార్య, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి.

"మాటంటే మాటే, మంగళవారం అన్నారు, వచ్చారు. స్లైడ్లేవి?"

"తేలేదండీ. ముందు నేను చెప్పేది వినండి." పక్కన కుర్చీ ఖాళీగా ఉన్నా ఆమె కూర్చోలేదు. "మీకు సున్నా అన్నారు చూడండి, అది చూసి చెప్పిన సున్నా కాదు. గూళ్ళుండే అంచుని నేను కత్తిరించి పారేశాను. స్లైడు అందంగా ఉండాలని. చూడాల్సిన చోటే లేకుండా చేస్తే లేవనే కదా వస్తుంది. తప్పు నాది."

భార్య లేచి నిలబడింది. "పారేశారా? మా ఆయన ఒంట్లో ముక్క పారేసి, లేదని రాశారా? ఈ పదిరోజులూ మా ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో తెలుసా మీకు? ఏం మనుషులండీ మీరు!"

"మిగిలినదాన్ని తీసి మళ్ళీ కోశాం" అంది మైక్రానక్క. "నిన్న నేనే కోశాను, ఏమీ తీయకుండా."

"ఉన్నాయా?" భార్య గొంతు ఒక్కసారిగా మారిపోయింది. "ఉన్నాయి కదూ?"

ఉన్నాయి అంటే చాలు. ఆ పెన్ను జేబులోకి పోతుంది. మేడమ్ పక్కన లేరు, అడిగేవాళ్ళు లేరు. ఆ మాట ఆమె నాలిక చివరిదాకా వచ్చింది.

"లేవండీ" అంది. "ఈసారి నిజంగానే లేవు."

భార్య కుర్చీలో కూర్చుండిపోయింది. మాస్టారు మైక్రానక్కని కిందినుంచి పైదాకా చూశాడు. అరిగిన చెప్పులు, పొట్టి మనిషి, కోటు చేతుల మీద గులాబీరంగు మరకలు, గోళ్ళ సందుల్లో మైనం. చూసి చూసి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుకి కుట్లు లాగినట్టున్నాయి, పొట్ట పట్టుకున్నాడు.

"ఈవిడటే!" అన్నాడు భార్యతో. "సున్నా పెట్టింది ఈవిడట! పదిరోజులుగా నేను ఏమనుకుంటున్నానో తెలుసా? ఎక్కడో పైన పెద్దపెద్దవాళ్ళు కూర్చుని, చూసి, కొలిచి, నా సంగతి ఖాయం చేసేశారనుకున్నా. అలాంటివాళ్ళతో ఏం వాదిస్తాం, పెట్టేద్దాం సంతకం అనుకున్నా. తీరా చూస్తే ఈవిడ, ఒక బ్లేడు."

"మళ్ళీ చూసినా అదే వచ్చింది కదండీ" అంది ఆమె. అనకుండా ఉండలేకపోయింది.

"వచ్చింది. సరే. సున్నా వచ్చినవాళ్ళంతా పోయారా?"

"లేదు. నాకు ముందు తాత కోసిన మొదటి ముప్ఫైలో ఐదుగురు సున్నాలు. ఇద్దరు బాగానే తిరుగుతున్నారు. ఒకాయన రెండేళ్ళనుంచీ వచ్చి చూపించుకుని వెళ్తున్నాడు. ముగ్గురు పోయారు."

"ఈ మాట మీ చిన్న డాక్టరు చెప్పలేదే."

"ఆయన చెప్పలేదు. మీరు అడగలేదు."

"నిజమే. సున్నా అనగానే నా చెవులు మూసుకుపోయాయి." ఆయన ఫారం వంక చూశాడు. "ఐదుగురిలో ఇద్దరు. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు మొదటిసారి పరీక్షకెళ్తే అంతమంది కూడా నెగ్గరు. అలాగని వెళ్ళొద్దని ఏ రోజూ చెప్పలేదే నేను."

తలుపు తెరుచుకుని నర్సు ఆయన్ని పిలిచింది. మాస్టారు పెన్నుకి మూత పెట్టి, ఫారం భార్య ఒళ్ళో వేసి, కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచాడు. భార్య ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచి అడుగుకి తోసేసింది. మైక్రానక్క పక్కనుంచి వెళ్తూ ఆమె మొహం కూడా చూడలేదు. మైక్రానక్క పక్కకి జరిగి దారిచ్చింది.

సగం తెరిచిన తలుపులోంచి, సూది కోసం నరం వెతుకుతున్న నర్సుతో మాస్టారు అంటున్నది వినిపించింది. "ఎడమ చెయ్యి వద్దమ్మా, కుడి చేతికి పెట్టు. ఎల్లుండి ఎడమ చేత్తోనే గేరు మార్చాలి."